47వ పుస్తకం

పెద్దగట్టు జాతరకు టికెట్టు లేదు. సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. లక్షల మంది ‘ఓ లింగా’ అంటూ గుట్ట ఎక్కి దిగుతారు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసిపెట్టుకునే అవసరం అక్కడ ఎవరికీ లేదు. బడి కోసం డబ్బు పోగుచేసే కార్నివాల్‌ సంగతి వేరు. దానికి టికెట్టు ఉండాలి, టికెట్టుకు నంబరు ఉండాలి, నంబరుకు కౌంటర్‌ ఫాయిలు ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయీ ఏ చేతి నుంచి వచ్చిందో ఒక కాగితం చెప్పాలి. ఊరందరి డబ్బుతో పనిచేసేటప్పుడు నమ్మకం మాటల్లో నిలవదు, లెక్కలో నిలుస్తుంది. బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేసి రిటైరయిన నాకు ఈ విషయంలో అనుమానం లేదు.

మేం చదువుకున్నది సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి జిల్లా పరిషత్‌ హైస్కూల్లో. బ్యాచ్‌లో సగం మంది ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాం. కొందరు సూర్యాపేటలో, కొందరు కోదాడలో, కొందరు మిర్యాలగూడలో. 2016 దసరాకు జిల్లాలు విడిపోయి మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది, మిగతా రెండూ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి. మా రాకపోకలకు మాత్రం ఆ గీత అడ్డం రాలేదు.

కార్నివాల్‌ ఆలోచన హెడ్‌మాస్టర్‌ మాటతో మొదలైంది. బడిలో నూట నలభై మంది ఆడపిల్లలకు రెండు మరుగుదొడ్లు. ఒకదానికి తలుపు లేదు, రెండింటికీ నీళ్లు లేవు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. 2022 మార్చిలో ‘మన ఊరు – మన బడి’ పెట్టినప్పుడు రాష్ట్రంలో 26,065 బళ్లను మూడు విడతల్లో బాగుచేస్తామన్నారు. మా బడి మొదటి విడత జాబితాలో లేదు. పై తరగతుల ఆడపిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు మానేస్తున్నారని, కొందరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటున్నారని హెడ్‌మాస్టర్‌ చెబుతుంటే మా ఆడ సహాధ్యాయులు తలలు దించుకున్నారు. వాళ్లకు తెలియని బాధ కాదు అది.

“ఇంత తిప్పలల్ల కూడా ఎనిమిదో తరగతిల ఒక పిల్ల ఉంది సార్‌. జూన్ల బడి తెరిచినకాన్నుంచి ఒక్క దినం మానలే. నాలుగు కిలోమీటర్లు నడిచొస్తది” అన్నాడాయన.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే మిత్రుడు అక్కడికక్కడే లేచాడు. “ఆ పిల్లకు సైకిలు నేనిస్త” అన్నాడు. ఒక్క పిల్ల పేరు చెప్పి ఇస్తే మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారని హెడ్‌మాస్టర్‌ దాన్ని నియమంగా మార్చాడు: బడి తెరిచిన రోజు నుంచి కార్నివాల్‌ దాకా ఒక్క రోజూ మానని ఆడపిల్లకు సైకిలు. ముందే చెబితే జ్వరంతో కూడా బడికొచ్చి కూర్చుంటారని, స్టేజీ మీద ప్రకటించేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం.

ఇక టికెట్ల సంగతి. కోదాడ మిత్రుడొకడు లక్కీ డ్రా పెడదామన్నాడు. మొదటి బహుమతి మోటారుసైకిలు, రెండోది ఫ్రిజ్‌. “డ్రా లేకుంటే టికెట్టు ఎవడు కొంటడురా?” అని వాదించాడు. మాలో వకీలు ఒప్పుకోలేదు. తెలంగాణలో లాటరీకి అనుమతి లేదు. ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రా తీయడానికి ఆఫీసు పెడితే నేరమని పాత శిక్షాస్మృతిలో 294ఏ సెక్షన్‌ ఎప్పటినుంచో ఉండేది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 297వ సెక్షన్‌. బడి మేలు కోసమే అయినా డబ్బు తీసుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే దాన్ని లాటరీ అనే అంటారని ఆయన తేల్చి చెప్పాడు. నాకూ అదే సబబనిపించింది. పిల్లలకు లెక్కలు చెప్పే చోట అదృష్టాన్ని అమ్మకూడదు. కనుక ప్రవేశానికి టికెట్టు, ఆటకు కూపను, బహుమతి గురిచూసి గెలిచినవాళ్లకు. రింగులు విసరడం, డబ్బాలు పడగొట్టడం, కుండ కొట్టడం, ముగ్గుల పోటీ, మ్యూజికల్‌ చైర్స్‌.

టికెట్టు డబ్బుతో చదువు చెప్పించడం తెలంగాణకు కొత్త కాదు. హైదరాబాద్‌ నుమాయిష్‌ పుట్టిందే అలా. 1938లో ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాద్‌ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయించడానికి డబ్బు కావలసి పబ్లిక్‌ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శన పెట్టారు. అది నాంపల్లికి మారి, పెరిగి పెద్దదై, మామూలుగా ఏటా జనవరి 1న మొదలై నెలన్నర నడుస్తోంది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్‌ సొసైటీ ఆ రాబడితో కాలేజీలు పోషిస్తోంది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలోవే. అక్కడ మిర్చి బజ్జీలు తిని గాజులు కొనుక్కుని వచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసు, గేటు దగ్గర తాము కొన్న టికెట్టు ఎక్కడో ఒక ఆడపిల్ల చదువుకు ఆసరా అవుతోందని? మొదటి మీటింగులో ఈ సంగతి చెప్పినప్పుడు అందరి ముఖాలూ వెలిగాయి.

టికెట్లు నా చేతుల మీదుగా అచ్చయ్యాయి. ధర 20 రూపాయలు. పుస్తకానికి 25 టికెట్లు, అంటే 500 రూపాయలు. మొత్తం రెండు వందల పుస్తకాలు. సూర్యాపేటవి పసుపు, కోదాడవి ఆకుపచ్చ, మిర్యాలగూడవి గులాబీ, పిల్లలకిచ్చినవి తెలుపు. రంగు చూడగానే ఏ ఊరి నుంచి జనం వచ్చారో తెలుస్తుంది. ప్రతి టికెట్టు మీదా బడి ముద్ర. జిరాక్సు తీసిన టికెట్టు మీద ముద్ర సిరా నల్లగా వస్తుంది, అసలుది ఊదా రంగు. ఏ పుస్తకం ఎవరికిచ్చామో ఒక రిజిస్టరులో సంతకం. కౌంటర్‌ ఫాయిలు మీద కొన్నవాళ్ల పేరు, ఊరు రాయాల్సిందే. పేరు లేని ఫాయిలు చెల్లదు. గేటు దగ్గర టికెట్టును సగానికి చింపి ఒక ముక్క డబ్బాలో వేయాలి. రాత్రి ఆ ముక్కల్ని ఫాయిళ్లతో కలిపి చూస్తే అమ్మింది ఎంత, వచ్చింది ఎంత అన్నది తేలిపోతుంది. లోపల ఏ స్టాలులోనూ నగదు ముట్టకూడదు. రెండే కౌంటర్లు, పది రూపాయల కూపన్లు, ఫోన్‌పే చేసేవాళ్లకు అక్కడే స్కానరు. ఇంత పట్టింపు ఎందుకని కొందరు విసుక్కున్నారు. బడి పేరు మీద పోగుచేసిన డబ్బులో పది రూపాయలు అటూఇటూ అయినా వచ్చే ఏడు ఆ ఊళ్లో ఎవరూ చెయ్యి చాపి అడగలేరు. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

బహుమతులు మాత్రం ఒక్కటీ కొనలేదు. కొన్న బహుమతి రాబడిని తినేస్తుంది. అడిగి తెచ్చిన బహుమతి ఇచ్చినవాణ్ని కుటుంబంతో సహా మైదానానికి తీసుకొస్తుంది. సాగర్‌ ఎడమ కాలువ పుణ్యమా అని మిర్యాలగూడ చుట్టూ వరి, వరి చుట్టూ మిల్లులు. అక్కడి మిత్రులు సన్నబియ్యం సంచులు ఇచ్చారు, పాతిక కిలోలవీ ఐదు కిలోలవీ. సూర్యాపేట బట్టల షాపుల వాళ్లు సంక్రాంతికి మిగిలిన చీరలు, జాకెట్టు ముక్కలు ఇచ్చారు. కోదాడ నుంచి స్టీలు సామాను వచ్చింది. బిందెలు, గిన్నెలు, టిఫిన్‌ డబ్బాలు, గ్లాసులు. రింగు వేసి ఐదు కిలోల సన్నబియ్యం గెలిచిన తల్లి ముఖం ఒకసారి చూడండి, టీవీ గెలిచినవాడి ముఖం మీద కూడా ఆ కళ ఉండదు. ఇంటికి పోగానే పొయ్యి మీదికెక్కే బహుమతి అది. చిన్న పిల్లల ఆటల్లో ఓడినవాళ్లకు కూడా ఒక పెన్సిలో రబ్బరో ఇచ్చి పంపాలని మా టీచరమ్మలు పట్టుబట్టారు. మంచి మాట.

పిల్లలచేత టికెట్లు అమ్మించడం నాకు ఇష్టం లేదు. పిల్లలు పోతే ఎవరూ కాదనరని మెజారిటీ అన్నారు. అయితే అరవై పుస్తకాలే ఇద్దాం, పై తరగతుల వాళ్లకే ఇద్దాం, మిగిలినవి తిరిగి తీసుకుందాం అని ఒప్పించాను. ‘అమ్ముడుపోని టికెట్లు తిరిగి ఇవ్వవచ్చు’ అని ప్రతి పుస్తకం అట్ట మీదా అచ్చు వేయించాను. 41 నుంచి 100 దాకా నంబర్లున్న పుస్తకాలు రిపబ్లిక్‌ డే దాటాక బడికి చేరాయి. పుస్తకం మొత్తం అమ్మిన పిల్లలకు ఒక స్టీలు టిఫిన్‌ డబ్బా ఇస్తామన్నాం.

తేదీ కుదరడమే కష్టమైంది. 2025 ఫిబ్రవరి 16 నుంచి పెద్దగట్టు జాతర. ఆ రోజుల్లో హైదరాబాద్‌ నుంచి విజయవాడ పోయే బండ్లను నార్కెట్‌పల్లి దగ్గరే నల్గొండ వైపు తిప్పి, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ మీదుగా కోదాడలో కలుపుతారు. మా మూడు ఊళ్ల దారులూ లారీలతో నిండిపోతాయి. జాతర తర్వాత ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నిక, 27న పోలింగు, సార్లందరికీ అదే ధ్యాస. మార్చిలో పదో తరగతి పరీక్షలు. మిగిలింది ఫిబ్రవరి 9, ఆదివారం. ఎన్నికల కోడ్‌ ఉండటం వల్ల స్టేజీ మీద నాయకులెవరూ లేరు. ఉపన్యాసాలు తగ్గి ఆటలకు సమయం పెరిగింది.

శుక్రవారం పిల్లల పుస్తకాలు నా చేతికొచ్చాయి. చాలావాటిలో పది పదిహేను టికెట్లు తెగాయి. మిగిలినవి తిరిగిచ్చారు. కొన్నింట్లో ఫాయిళ్ల మీద కొట్టివేతలు, ఊరి పేరు లేకపోవడం, నాన్న పేరే నాలుగుసార్లు రాయడం. 47వ పుస్తకం తెరిచాను. పాతికకు పాతికా తెగాయి. ప్రతి ఫాయిలు మీదా గుండ్రటి అక్షరాలతో పేరు, ఊరు. పాతిక పేర్లూ ఆడవాళ్లవే, మూడు నాలుగు ఊళ్లవి. ఒక్క కొట్టివేత లేదు. ఐదు వందలు చిల్లరతో సహా రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఎనిమిదో తరగతి పిల్లదట. టికెట్టు పుస్తకం ఎలా నింపాలో దీన్ని చూసి నేర్చుకొమ్మని మా మూడు ఊళ్ల మిత్రుల గ్రూపులో ఆ ఫాయిళ్ల ఫొటో పెట్టాను.

ఆదివారం పొద్దుటి నుంచీ నేను గేటు దగ్గరే ఉన్నాను. జనం బాగా వచ్చారు. ఆటోలు, ట్రాక్టర్లు, మిర్యాలగూడ నుంచి ఒక బస్సు. మధ్యాహ్నానికి బియ్యం సంచుల్లో సగం గెలిచేసుకున్నారు. సాయంత్రం స్టేజీ మీద బహుమతులు. పుస్తకం మొత్తం అమ్మిన ఏడుగురు పిల్లల్ని పిలిచారు. 47వ పుస్తకం పిల్ల సన్నగా, నూనె రాసిన జడలతో వచ్చి, రెండు చేతులతో డబ్బా తీసుకుని దిగిపోయింది. చప్పట్లు గేటు దాకా వినిపించాయి.

తర్వాత సైకిలు. నీలం రంగుది, ముందు బుట్ట ఉన్నది. హెడ్‌మాస్టర్‌ మైకులో నియమం చదివి, ఈ ఏడు దానికి సరిపోయిన ఆడపిల్ల ఒక్కరూ లేరని చెప్పాడు. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. మిల్లు మిత్రుడు రెండు నిమిషాలు ఆలోచించి, సైకిలు వెనక్కి తీసుకుపోనని, ఇక్కడే వేలం వేసి ఆ డబ్బు మరుగుదొడ్లకే కలపమని అన్నాడు. వినాయకుడి లడ్డూ పాట పాడినట్టు పాడారు. సూర్యాపేట వాళ్లు, కోదాడ వాళ్లు పోటీపడితే పదకొండు వేలకు పోయింది. సైకిలు ధరకు రెట్టింపు వచ్చిందని అందరం సంతోషించాం. రెండు గదులు అనుకున్నది మూడు గదులు కట్టొచ్చని మేస్త్రి అక్కడే లెక్క చెప్పాడు.

రాత్రి డబ్బా తెరిచి ముక్కల్ని ఫాయిళ్లతో కలిపాం. టికెట్లు కొన్న ప్రతి ఒక్కరూ రారు, మొహమాటానికి కొనేవాళ్లు ఉంటారు. అయినా ప్రతి పుస్తకం నుంచి ఎంతోకొంత మంది వచ్చారు. 47వ పుస్తకం నుంచి మాత్రం ఒక్క ముక్క లేదు. పాతిక మంది ఇరవై రూపాయల చొప్పున పెట్టి కొని, ఒక్కరు కూడా ఆ ఛాయలకు రాలేదు. కూలినాలి చేసుకునే ఊళ్ల ఆడవాళ్లు డబ్బులిచ్చిన దాన్ని అలా వదిలెయ్యరు. ఆ పుస్తకానికి దొంగ టికెట్లేమైనా తయారయ్యాయా, ఎవరైనా పిల్లను మోసం చేశారా అని నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం బడికి పోయాను. ఆఫీసు గదిలో హెడ్‌మాస్టర్‌, తరగతి టీచరమ్మ ఉన్నారు. పిల్లను పిలిపించి, భయపడొద్దని చెప్పి, నీ దగ్గర టికెట్లు కొన్నవాళ్లు రాలేదేమని అడిగాను. ఆ పిల్ల మాట్లాడకుండా బయటికి పోయి బ్యాగు తెచ్చింది. లెక్కల నోట్సు మధ్యలోంచి తెల్ల టికెట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పాతిక ఉన్నాయి. ఒక్కటీ చినగలేదు.

“ఇవి నీ దగ్గరెందుకున్నయి బిడ్డా?”

“ఎవ్వలు కొనలే సార్‌. ఇరవై రూపాయలు ఎందుకన్నరు.”

“మరి పైసలు?”

“మిర్పతోటకు పోయిన. పెద్దోళ్లకు ఇచ్చేదాంట్ల సగం ఇచ్చిండ్రు. దినానికి నూట ఇరవై అయిదు.”

“మిగిలితే తిరిగి ఇయ్యొచ్చని అట్ట మీద రాసుంది గదమ్మా. సదువలేదా?”

“సదివిన సార్‌. అమ్మనోళ్ల పేర్లు రోజు ప్రేయర్‌ల పిలుస్తున్నరు. నిలబడమంటున్నరు.”

హెడ్‌మాస్టర్‌ టీచరమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అట్ట మీద నేను వేయించిన అచ్చు పొద్దుటి ప్రేయర్‌ దాకా చేరలేదు.

“మరి ఈ పేర్లు ఎవరివి బిడ్డా?”

“నా పక్క సాళ్లల్ల కాయ ఏరినోళ్లవి. పేరు లేకుంటె ఫాయిలు చెల్లదన్నరు గద సార్‌. అడిగి రాసుకున్న.”

పిల్ల వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. మిరపకాయ ఏరిన చేతులు ఎన్ని నీళ్లతో కడిగినా రెండు మూడు రోజులు మండుతూనే ఉంటాయి, ఆ పని చేసిన ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు తెలుసు. అట్ట మీద రాసిన మాట ప్రకారం ఐదు వందలూ ఆమె చేతిలో పెట్టి, టికెట్లు తీసుకుని, రిజిస్టరులో 47వ నంబరు ఎదురుగా ‘వాపసు’ అని రాశాను. పిల్ల నమస్తే పెట్టి తరగతికి పోయింది.

ఎన్ని రోజులు పోయిందో చూద్దామని టీచరమ్మ హాజరుపట్టీ తెచ్చింది. ఫిబ్రవరి 3, 4, 5, 6. నాలుగు ఆబ్సెంట్లు. నాలుగు నూట ఇరవై అయిదులు ఐదు వందలు. జ్వరమొచ్చిందేమో అనుకున్నానంది టీచరమ్మ. ఆమె వెనక్కి పేజీలు తిప్పింది. జనవరి, డిసెంబరు, నవంబరు. అలా 2024 జూన్‌ 12న బడి తెరిచిన రోజు దాకా పోయింది. ఆ పేరు ఎదురుగా ఇంకెక్కడా ఆబ్సెంటు లేదు.

మిర్యాలగూడ మిత్రుడు సైకిలు కొన్నది ఈ పిల్లకే.